కత్తిరించిన ఊపిరి

ఆ ఆఫీసులో ఉదయం తొమ్మిదింటికల్లా పన్నెండు మంది హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవారు. కంప్యూటర్‌కి మనుషుల మాట అర్థం కావాలంటే ముందు ఆ మాటని కడగాలన్నది మేనేజరు సిద్ధాంతం. దగ్గు చెత్త, నిట్టూర్పు చెత్త, మాటకీ మాటకీ మధ్య పీల్చే ఊపిరి అన్నిటికన్నా పెద్ద చెత్త. తెర మీద అలల్లా కనిపించే శబ్దంలోంచి దాన్ని కత్తిరించి పారేసేవారు. ఆ ఊపిరులు దూదిపింజల్లా బల్లల కింద రాలేవి. సాయంత్రం ఊడ్చే ఆవిడ వాటిని చేటలోకెత్తి, సంచీలో కట్టి, ఇంటికి పట్టుకెళ్ళేది. ఆమె భర్త రంగుల కార్ఖానాలో ఇరవయ్యేళ్ళు పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. గుప్పెడు పీలిస్తే అతనికి రోజు గడిచేది. రెండు గుప్పెళ్ళయితే పెళ్ళాంతో పోట్లాడే ఓపిక కూడా వచ్చేది.

మేనేజరుకి ఈ సంగతి తెలుసు. చెత్త ఎవరు మోసుకుపోతే తనకేమని ఊరుకున్నాడు. డిస్కులో చోటు దండగని అసలు రికార్డింగులు కూడా చెరిపించాడు. అంతటి మేధావి.

మాట విని టైపు చేసే యంత్రం తయారైంది. ఛైర్మన్ మైకు ముందు కూర్చున్నాడు. వయసు మీద పడ్డ మనిషి, నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకున్నాడు. ఊపిరన్నది వినకుండా పెరిగిన యంత్రం, ఆయన చెప్పడం అయిపోయిందనుకుని "ధన్యవాదాలు" అంది. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ "ధన్యవాదాలు". ఏడోసారికి ఆయన లేచి మేనేజరు వైపు తిరిగాడు.

"మనుషులు గాలి పీలుస్తారని నీకెవరూ చెప్పలేదా బాబూ? శుక్రవారం లోపల ఆ ఊపిరులు వెనక్కి పెట్టించు. లేదా నువ్వే వెళ్ళు."

మేనేజరు మైకు పట్టుకుని ఊడ్చే ఆవిడ ఇంటికి పరిగెత్తాడు. అటక మీద ఒక్క సంచీ మిగిలింది.

"అది కంపెనీ ఆస్తమ్మా, ఇచ్చెయ్."

"నిన్నటిదాకా చెత్తేగా సారూ?"

"నిన్న వేరు, ఇవాళ వేరు."

"మా ఆయనకీ అంతే. ఇది పట్టుకుపోతే రేపనేదే లేదు."

మేనేజరు సంచీ లాగాడు. మంచం మీదున్న ఆమె భర్త రెండో కొస వదల్లేదు. సంచీ పర్రున చిరిగి, గదంతా ఊపిరులు లేచాయి. మంచం మీది మనిషి నోరు తెరిచి అన్నీ ఒక్కసారే పీల్చేశాడు.

"సరే, కనీసం నువ్వు పీల్చే చప్పుడైనా ఇవ్వవయ్యా" అని మేనేజరు మైకు పెట్టాడు.

అతను మాట్లాడటం మొదలెట్టాడు. మేనేజరు చదువు దగ్గర్నుంచి నడత దాకా, ఒక్కటీ వదలకుండా తిట్టాడు. రెండు గంటల్లో ఒక్కసారైనా ఊపిరి పీల్చలేదు. అవసరం పడలేదు.

శుక్రవారం చూపించడానికి మేనేజరు దగ్గర ఆ రికార్డింగ్ తప్ప మరేమీ లేదు. యంత్రం పొల్లు పోకుండా అర్థం చేసుకుని, నలభై పేజీలు టైపు చేసి ఛైర్మన్ ముందు పెట్టింది. ఆయన అంతా చదివి, అందులో దిద్దాల్సిందేమీ లేదన్నాడు.

మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. సోమవారం ఊడ్చే ఆవిడ భర్త తనంతట తానే మూడంతస్తులు దిగి, బజారుకెళ్ళి, వంకాయల ధర మీద గంటసేపు తగువాడాడు.