ఇనప చుక్కలు, దూది కాకి

మహబూబీకి కాకుల మీద ఏనాడూ అంత కోపం రాలేదు. ఆమె కోపమంతా కాకుల్ని తోలడానికి కొత్తగా తయారైన పనిపిల్ల నసీమా మీద.

ఒమాన్ దేశంలోని షినాస్‌లో సముద్రానికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ ఇంట్లో ఆరేళ్ళుగా మహబూబీదే రాజ్యం. రాజ్యమంటే పెద్ద సంగతేం కాదు. వంటిల్లు, బట్టలు, యజమానురాలి మోకాళ్ళు, పెరట్లో ఎండే చేపలు. ఆ ముసలి యజమానురాలిని పనివాళ్ళంతా మామా, అంటే అమ్మా, అనే పిలుస్తారు. మామాకి ఊళ్ళో పేరు తెచ్చిపెట్టింది ఆ ఎండుచేపలే. చలికాలం రాగానే చిన్న చేపల్ని వలల మీద పరిపించి, తిరగేయించి, గలగలమనేదాకా ఎండబెట్టించి చుట్టాలందరికీ పంపుతుంది. అది ఆవిడకి పండగ. కాకులకి అంతకన్నా పెద్ద పండగ. ఈ రెండు పండగల మధ్యా పళ్ళెం మోగిస్తూ, గొంతు చించుకుంటూ, మధ్యాహ్నపు నిద్ర మానుకుని ఆరు చలికాలాలు కూర్చున్నది మహబూబీ. శభాష్ అన్న పాపాన ఎవరూ పోలేదు. కాకుల్ని తోలడం కూడా ఒక పనేనా అనుకుని ఆమె కూడా ఊరుకుంది.

ఈ ఏడు మాత్రం ఊరుకోలేని సంగతి ఒకటి వచ్చిపడింది. రంజాను రాకముందే మామా ఉమ్రా చేయడానికి మక్కా వెళుతోంది. కొడుకు హమూద్ బండి నడుపుతాడు, కూతురు తోడు వస్తుంది. కోడలు చంటిపిల్లలతో ఇక్కడే ఉంటుంది. బండిలో ఇంకొక్కరికి చోటుంది. మామాని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసేందుకు పనివాళ్ళిద్దరిలో ఒకర్ని తీసుకెళ్తారట.

ఆ మాట చెవిన పడింది మొదలు మహబూబీ కాలు నేల మీద నిలవలేదు. కడప జిల్లాలో దూదేకుల ఇంట పుట్టిన మనిషి. వాళ్ళ నాయన ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. మక్కా బొమ్మ ఉన్న క్యాలెండరు పాతబడిపోయినా గోడ మీంచి తీసేవాడు కాదు. వాళ్ళ వంశంలో ఆ గడప తొక్కినవాళ్ళు లేరు. ఒక్కసారి అక్కడ నిలబడి చేతులెత్తితే ఈ ఆరేళ్ళ అంట్లూ, ఇస్త్రీలూ, చీవాట్లూ అన్నీ తీరిపోయినట్టే అనుకుంది. తను కాకపోతే ఇంకెవరు వెళ్తారు? మొన్న మొన్న వచ్చిన నసీమానా?

సరిగ్గా ఆ నసీమాకే చుక్కలు దొరికాయి.

అవి హమూద్ కొనుక్కున్నవి. జపాన్ నింజాల మోజు పట్టుకున్న రోజుల్లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. నాలుగు మొనలున్న ఇనప చుక్కలు, అరచేతిలో పట్టేంత. వారం రోజులు కొట్టుగది తలుపు మీద విసిరి, తలుపంతా గుంటలు పొడిచి, పెళ్ళాం చేత తిట్లు తిని బిస్కెట్ డబ్బాలో పడేశాడు. కొట్టు ఊడ్చేటప్పుడు నసీమా ఆ డబ్బా తీసింది. చిన్నప్పుడు పొద్దుతిరుగుడు చేలో వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలిన చెయ్యి అది, ఊరుకుంటుందా? ఒక చుక్కని రెండు వేళ్ళతో పట్టి వల మీద వాలిన కాకుల గుంపు మీదికి విసిరింది. అది గిర్రున తిరుగుతూ, ఎండకి తళతళమంటూ, బుయ్యిమని వెళ్ళేసరికి కాకులన్నీ ఒక్క పెట్టున లేచిపోయాయి.

వరండాలో కూర్చున్న మామా చప్పట్లు కొట్టింది. "ఇంకోటి! ఇంకోటి వెయ్యి!" అని అరబీలో కేకలేసింది.

ఆ చప్పట్లు మహబూబీ చెంపల మీద పడ్డట్టయ్యాయి. ఆరేళ్ళు పళ్ళెం మోగించి అరచేతులు కాయలు కాసినా మోగని చప్పట్లు! పైగా మామా ఆ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్ళెంలోని ఖర్జూరాలు పెట్టింది. మర్నాడు పక్కింటి ఆడవాళ్ళని పిలిచి మరీ చూపించింది. ఆ తర్వాత కాఫీ పోయమన్నా నసీమానే, చెప్పులు తెమ్మన్నా నసీమానే. మహబూబీ కడుపు భగభగ మండిపోయింది. రాత్రి ఒకే గదిలో పడుకుని, "మాబక్కా, నిద్రొచ్చిందా?" అని నసీమా పలకరిస్తే గోడ వైపు తిరిగి పడుకునేది.

కుళ్ళుకునే కంటికి చూపు ఎక్కువ. వారం తిరక్కుండానే మహబూబీ అసలు సంగతి పట్టేసింది. ఆ చుక్కలకి ఒక్క కాకి కూడా చావలేదు. చావడం మాట అటుంచి, ఒక్క ఈక రాలలేదు. మొదట్లో మెరుపుకీ, చప్పుడుకీ జడుసుకున్నాయి, అంతే. తర్వాత తర్వాత అవి తెలివిమీరిపోయాయి. చుక్క వస్తుంటే రెండడుగులు పక్కకి గెంతి మళ్ళీ చేప అందుకుంటున్నాయి. చుక్కేమో పోయి ఇసకలో కూరుకుపోతుంది. నసీమా మోకాళ్ళ మీద కూర్చుని ఇసక కెలుకుతూ దాన్ని వెతుక్కునే లోపు కాకులు భోజనం ముగిస్తున్నాయి. పైగా ఉప్పుగాలికి చుక్కలు తుప్పు పడుతున్నాయి. వాటికి కూడా నసీమా నూనె రాసి తుడుస్తూ కూర్చుంటోంది, అవేవో బంగారమైనట్టు!

"మామాకి ఇదంతా కనపడదే!" అని పళ్ళు నూరింది మహబూబీ. కనపడేట్టు చేయాలనుకుంది.

నాయన చేతి పని ఆమెకీ వచ్చు. పాత దిండు విప్పి దూది తీసి ఏకింది. చిరిగిన నల్ల అబాయా ముక్కతో కాకంత సంచి కుట్టి దూది కూరింది. రెండు గుడ్డ రెక్కలు, ఒక తోక. చూస్తే కాకులే కంగారు పడేలా వచ్చింది. దాన్ని బట్టలారేసే తీగకి వేలాడదీసి, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మామాని పెరట్లోకి తీసుకొచ్చింది. హమూద్ కూడా వచ్చాడు.

"మామా, నసీమా ఇన్ని రోజులు విసిరిందే, ఒక్క కాకైనా పడిందా? ఇదిగో కాకి. కదలదు, మెదలదు. కొట్టమనండి చూద్దాం," అంది.

నసీమా బిత్తరపోయి చూసింది. "ఏందక్కా ఇది?" అంది తెలుగులో.

"యేం లేదు మే. రోజూ యేసేదేగదా, యెయ్యి," అంది మహబూబీ తియ్యగా.

మొదటి చుక్క కాకి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలి ఠంగుమంది. రెండోది అడ్డంగా తగిలి కిందపడింది. మూడోదాని మొన గుడ్డలో చిక్కుకుని, ఒక్క క్షణం వేలాడి, అదీ రాలిపోయింది. ఉక్రోషం పట్టలేక నాలుగోది కొట్టుగది తలుపు మీదికి విసిరింది నసీమా. అది మాత్రం చెక్కలో దిగబడి నిలబడింది.

"అయితే తలుపుల్ని చంపడానికి పనికొస్తాయి," అంది మహబూబీ. మామా పకపకా నవ్వింది.

హమూద్ కాకిని చేత్తో నొక్కి చూశాడు. "గుడ్డ చిరిగిందంతే, దూదిలోకి వేలెడు కూడా దిగలేదు," అన్నాడు. "అసలివి చంపడానికి కావంట అమ్మా. ఎదుటివాడి మొహం మీదికి విసిరితే వాడు కళ్ళు మూసుకుని తడబడతాడు, ఆ లోపల మనం పారిపోవాలి. అందుకే వాడేవారంట. దళసరి బట్ట వేసుకున్నవాడికి గీత కూడా పడదు."

నసీమా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మహబూబీకి ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టయింది. చాలా బాగుంది ఆ నిండుదనం. మామా ఆలోచనలో పడడం చూసి ఇంకా బాగుంది.

"నువ్వు చెప్పింది నిజమే మహబూబా," అంది మామా. "ముందే చూపించావు, నయమైంది. ఈ పిల్లకి చేపలు కాయడం వచ్చేసింది కదా, ఇక ఇల్లు దీనికి వదిలి నిన్ను తీసుకెళ్ళొచ్చని సంబరపడ్డాను. ఆరేళ్ళుగా నిన్ను వదిలి వెళ్ళలేక, తీసుకెళ్ళలేక సతమతమయ్యాను. దీన్ని నమ్మితే ఒక్క చేప మిగలదు. కోడలేమో చంటిపిల్లలతో ఉంది. నువ్వే ఉండాలి. కుర్చీ తోసేందుకు ఈ పిల్ల చాలులే."

మహబూబీ గబగబా మామాకి అడ్డం వచ్చింది.

"లేదు మామా! బాగానే తోలుతుంది. నేనే తీగ వదులుగా కట్టాను, కాకి ఊగిపోయింది. దూది మెత్తగా ఏకాను, అందుకే దిగలేదు. నిజం కాకి అలా ఉండదు, మామా! చచ్చినా చావకపోయినా పారిపోతాయి కదా, అది చాలదా? చూడండి, నేను కూడా..." అంటూ ఇసకలోంచి ఒక చుక్క తీసి గబుక్కున విసిరింది. అది కాకి దగ్గరికి కూడా పోకుండా వల మీద పడి నాలుగు చేపల్ని చిందించింది.

మామా మళ్ళీ నవ్వింది. మహబూబీ భుజం మీద చెయ్యి వేసి, "ఎంత మంచిదానివే! ఆ పిల్ల మనసు నొచ్చుకోకూడదని చూస్తున్నావు," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మెచ్చుకోలు ఆరేళ్ళలో మొదటిది. మహబూబీ చిందిన చేపల్ని ఏరుతూ పెరట్లోనే ఉండిపోయింది.

తర్వాత అన్ని రోజులూ ఎవరినీ తిట్టుకోవడానికి లేకపోయింది. నసీమాని తిట్టుకుందామంటే ఆ పిల్ల ఏం చేసింది పాపం, ఓడిపోయింది అంతే. మామాని తిట్టుకుందామంటే ఆవిడ తననే తీసుకెళ్ళాలనుకుంది. చేతులారా కుట్టిన కాకి, చేతులారా పోగొట్టుకున్న చోటు. ఈ సంగతి తలచుకుని రోజుకి పదిసార్లు ఏడ్చింది. ఏడ్చినంతసేపూ నసీమా మీద కుళ్ళు ఏ మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

బయల్దేరే రోజు తెల్లారగట్ల మామా మందుల సంచీ, మామా దుప్పటీ, దారిలోకి రొట్టెలూ అన్నీ మహబూబీనే సర్దింది. మామా ఇంటి తాళాలు ఆమె చేతిలో పెట్టి నుదుట ముద్దు పెట్టుకుంది. హమూద్ బండి స్టార్ట్ చేశాడు. నసీమా కొత్త చెప్పులేసుకుని, సంచీ గుండెలకి హత్తుకుని మహబూబీ దగ్గరికి వచ్చింది.

"మాబక్కా, ఆడ నీ పేరు జెప్పి ఏం అడగమంటావు?"

ఒంటికి బాగుండాలని అనొచ్చు. ఊళ్ళో ఉన్న తన కొడుక్కి ఉద్యోగం రావాలని అనొచ్చు. మహబూబీ నోటికి ఆ మాటలేవీ రాలేదు.

"నా కడుపులో మంట ఉండాది మే. దాన్ని తీసెయ్యమని అడుగు."

"ఎవురి మీదక్కా?"

"నీ మీదే."

నసీమా ఉలిక్కిపడలేదు. "అది నాకు ఎప్పుడో తెలుసులే అక్కా. అడుగుతా," అంది.

"తెలిసి గూడా పోతాండావా?"

హమూద్ హారన్ కొట్టాడు. నసీమా బండి వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నువ్వయితే మానుకుందువా అక్కా?"

మహబూబీ అబద్ధం చెప్పాలని చూసింది, చెప్పలేకపోయింది.

"మానుకోను," అంది. "పో మే, బండెక్కు."