రెండోసారి అడగొద్దు

ఓడలో ఉద్యోగానికి ఈత రావాలేమో, ఇంగ్లీషు దంచాలేమో అని భయపడ్డాను. తీరా చూస్తే నన్ను మొదటి ఇంటర్వ్యూలో ముంచింది ఒక గరిటెడు అన్నం.

విహారనౌకలో వడ్డించే పని అది. ఇంటర్వ్యూ హైదరాబాదులో ఒక హోటల్లో పెట్టారు. పరీక్ష చేసే ఆయన అతిథిలాగా కూర్చున్నాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని వెళ్తే "నో, థాంక్యూ" అన్నాడు. "కొంచెమే సార్" అని నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పి వడ్డించేశాను. ఆయన ప్లేటు పక్కకు నెట్టి, "నెక్స్ట్" అన్నాడు. వరంగల్ దాకా రైల్లో నిలబడే వచ్చాను.

ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి. మా కొత్తవాడలో ఏ ఇంటికైనా పోయి చూడండి, మొదటిసారి అడిగితే అవునన్న పాపాన ఎవరూ పోరు. వద్దంటారు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు, ఇంకోసారి అడగ్గానే ఆ చెయ్యి మెల్లగా తీస్తారు. నాకు వడ్డన నేర్పింది కట్టమ్మ పెద్దమ్మ. ఫంక్షన్ హాల్లో వడ్డించే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. "ఒక్కసారి అడిగి పోతే అది అడిగినట్టే కాదు బిడ్డా. ఆకలున్నోళ్లు గూడ సిగ్గుకు వద్దంటరు. మల్ల అడుగు" అనేది. కాలేజీ రోజుల నుంచీ సెలవు దొరికితే చాలు, ఆమె వెనకే తిరుగుతూ నేర్చుకున్నాను.

హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేతికొచ్చాక కూడా ఆ హాలే గతి అయింది. ముహూర్తాలుంటే కాళ్లు వాచేదాకా పని. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, మాకు పనీ ఉండదు. శ్రావణంలో అందరికీ కావలసినదాన్ని, ఆషాఢంలో ఎవరికీ అక్కర్లేనిదాన్ని. ఇరవైమూడేళ్లకే ముసలిదాన్నయినట్టు ఉండేది. ఓడ పని దొరికితే తొమ్మిది నెలలు ఆగకుండా పని. ఓడ కంపెనీవాళ్లు ఇంకో అవకాశం ఇస్తామన్నారు. ఇదీ పోతే ఇక ఏ ఇంటర్వ్యూకూ పోనని అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను.

హనుమకొండలో సుదర్శన్ సార్ ఇలాంటి ఇంటర్వ్యూలకు తయారు చేస్తాడంటే ఆయన దగ్గర చేరాను. ఓడల్లో ఏళ్లకేళ్లు పనిచేసి, నడుం నొప్పి తెచ్చుకుని వచ్చిన మనిషి.

"యమునా, ఆడ వద్దంటే వద్దే. రెండోసారి అడిగినవనుకో, బలవంతం చేసిందని కంప్లైంట్ ఇస్తరు" అన్నాడు.

ఖాళీ ప్లేటు ముందు ఆయన, ఖాళీ గిన్నెతో నేను. "నో, థాంక్యూ" అనడం ఆలస్యం, నా చెయ్యి ముందుకు పోయేది.

"ఆగు! చెయ్యి ఎన్కకు గుంజు. నవ్వు. పక్కకు జరుగు" అని అరిచేవాడు.

"సార్, ఆయనకు నిజంగనే ఆకలుంటే?"

"ఉంటే ఆయనే పిలుస్తడు. నీకెందుకమ్మా ఆ ఫికర్?"

రోజూ ఇదే భాగోతం. నాకు ఒళ్లు మండేది. లేని అన్నాన్ని వడ్డించకుండా ఉండడానికి ఇంత చాకిరీయా! కానీ చేస్తూ చేస్తూ ఉంటే చెయ్యి లొంగింది. వద్దు అనే మాట చెవిన పడగానే అదే వెనక్కి వచ్చేది.

రెండో ఇంటర్వ్యూలో కూడా మొదటిసారి పరీక్ష చేసినాయనే కూర్చున్నాడు, అదే మాట అన్నాడు. గిన్నె వెనక్కి తీసుకున్నాను, నవ్వాను, పక్కకు జరిగాను. ఉద్యోగం వచ్చేసింది. సికింద్రాబాద్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

ముంబై వెళ్లే ముందు హాల్లో ఆఖరి పెళ్లి చేశాను. పరకాల నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు పంక్తుల మీద పంక్తులు తిన్నారు. అందరూ తిని లేచాక చివరి పంక్తి పనివాళ్లది. ఆ రోజు వాళ్లకు వడ్డించే వంతు నాది. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టని కట్టమ్మ పెద్దమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది. మొదట వేసిన పిడికెడు అన్నం అప్పటికే అయిపోయింది.

"పెద్దమ్మా, అన్నం?" అన్నాను.

"చాలు బిడ్డా, వద్దు" అంది.

నవ్వి, పక్క విస్తరికి జరిగాను. ఏం చేశానో నాకే తెలియలేదు. అటు చివరిదాకా వడ్డించి వెనక్కి తిరిగితే, ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నన్ను చూస్తోంది. ఆ చెయ్యి కింద ఒక్క మెతుకు లేదు.

"ఓడ ఎక్కకముందే పోయినవా బిడ్డా?" అంది.

కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అంది.

"అయ్యో, ఆగు పెద్దమ్మా, ఆగు!" అంటూ గిన్నె పట్టుకుని ఉరికాను. నేను చేరేసరికే విస్తరి మడిచేసింది. మడిచిన విస్తరి మా దగ్గర ఎవరూ మళ్లీ తెరవరు.

"కడుపు నిండింది తియ్యి" అంది.

"జర తిను పెద్దమ్మా" అన్నాను. మళ్లీ అన్నాను. బతిమాలాను. ఆమె గోడ పట్టుకుని లేచి, చెయ్యి కడుక్కోవడానికి పోయింది.