కొట్టేయాల్సిన మాట

చాలా రోజుల తర్వాత నిచ్చెన బుడంకాయతో అన్న మొదటి మాట, "అధ్యక్షా."

అదైనా తనతో అనలేదు, కుర్చీతో అంది. ఆ తేడా బుడంకాయకు తెలుసు.

బడిలో అందరికంటే పొట్టిది కాబట్టి బుడంకాయ. అందరికంటే పొడుగుది కాబట్టి నిచ్చెన. ఒకరికొకరు పెట్టుకున్న పేర్లవి. ఇంకెవరైనా అలా పిలిస్తే ఇద్దరూ కలిసి మీద పడేవారు.

బడిలో జరిపే ఉత్తుత్తి శాసనసభకు, అదే మాక్ అసెంబ్లీకి, స్పీకర్ ఎవరన్నప్పుడు వీళ్ళిద్దరి పేర్లే వచ్చాయి. సోషల్ టీచర్ స్టాఫ్ రూములోకి పిలిచి అడిగితే, "దానికి కోపం ఎక్కువ మేడమ్," అనేసింది బుడంకాయ. అబద్ధమేం కాదు. కానీ నిజాన్నైనా వెనక నుంచి చెప్తే చాడీయే అవుతుంది. సాయంత్రంలోపే అది నిచ్చెన చెవిన పడింది. కుర్చీ బుడంకాయకు దక్కింది. నిచ్చెన ప్రతిపక్ష నాయకురాలైంది. ఆ తర్వాత ఎన్నిసార్లు దగ్గరికెళ్ళినా నిచ్చెన గోడను చూసినట్టు చూసి పక్కకు తప్పుకునేది.

అందుకే ఈ సభ కోసం బుడంకాయ కాచుకుని కూర్చుంది. సభలో ఎవరేం మాట్లాడినా స్పీకర్‌తోనే మాట్లాడాలి. నిచ్చెనకైనా తప్పదు.

లైబ్రరీలో బల్లలు అటూ ఇటూ జరిపారు. స్పీకర్ తల కనబడాలని కుర్చీలో రెండు లావుపాటి నిఘంటువులు వేశారు. చర్చ ఆడపిల్లల మరుగుదొడ్ల మీద. తలుపులకు గడియల్లేవు, పెట్టించాలని నిచ్చెన తీర్మానం తెచ్చింది.

విద్యామంత్రి, అంటే పదో తరగతి కళ్ళజోడు కుర్రాడు, లేచి గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా, ఈ విషయంలో ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు. సమస్యే లేనప్పుడు గడియ దేనికి?"

పదవి పిల్లాడి చేతిలో పెట్టినా ఆ బుద్ధి దానంతటదే వచ్చేస్తుంది.

నిచ్చెన లేచింది. "అధ్యక్షా, మంత్రిగారు ఏనాడైనా కాలితో తలుపు నొక్కిపెట్టి కూర్చున్నారా?"

అబ్బాయిలు నవ్వారు. అమ్మాయిలు నవ్వలేదు.

"ఎలా వెళ్తామో చెప్తాను అధ్యక్షా. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుంటాం. మాకు గడియ అంటే స్నేహితురాలే. మరి ఆ స్నేహితురాలితో మాటల్లేకపోతే..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో కాగితం ఉంది కానీ దాన్ని చూడడం లేదు. నేరుగా కుర్చీలోకి చూసింది.

"ఒసే బుడంకాయ్, ఇన్నాళ్ళూ నీ తలుపెవరు పట్టుకున్నారే?"

సభ గొల్లున నవ్వింది. మంత్రి చెయ్యెత్తాడు. "పాయింట్ ఆఫ్ ఆర్డర్ అధ్యక్షా. 'ఒసే' అనకూడని మాట. పైగా సభాపతిని కూరగాయ అన్నారు. రెండూ రికార్డుల్లోంచి తొలగించాలి."

స్పీకర్ సొంత సంగతులు చెప్పకూడదు. బుడంకాయకు ఆ రూలు కంఠతా వచ్చు.

"ఎవరూ పట్టుకోలేదు," అంది. "బడికొచ్చాక నీళ్ళు తాగడం మానేశా."

నవ్వులు ఆగిపోయాయి.

"ఇంకెవరినైనా అడగొచ్చుగా?" అంది నిచ్చెన.

"అడగబుద్ధి కాలేదు."

రికార్డు రాసే పిల్ల పెన్ను పట్టుకుని అయోమయంగా చూసింది. "ఉంచాలా అధ్యక్షా, కొట్టేయాలా?"

"'ఒసే' ఉంచు. 'బుడంకాయ' కూడా ఉంచు. ప్రతిపక్ష నాయకురాలికి కోపం ఎక్కువని నేను స్టాఫ్ రూములో అన్నాను. అది కొట్టెయ్."

"అది సభలో అన్నది కాదుగా. రాయనిదాన్ని ఎలా కొట్టేయను?"

"అయితే ముందు రాయి. రాశాక కొట్టెయ్."

ఆ పిల్ల నిజంగానే రాసి, స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టింది. సోషల్ టీచర్ ఏదో అనబోయి, తలొంచుకుని కళ్ళద్దాలు తుడుచుకుంది.

నిచ్చెన ఇంకా నిలబడే ఉంది. "అధ్యక్షా, నాకు కోపం ఎక్కువే. కానీ అది నాతో అనాలి. మొహం మీద అనాలి."

"ఇక మీద మొహం మీదే అంటా. తప్పయిపోయిందే."

"ఏదీ, సభామర్యాద?"

"తప్పయిపోయింది, గౌరవ సభ్యురాలా."

నిచ్చెన నవ్వు ఆపుకోవడానికి కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. తీర్మానానికి మంత్రితో సహా అందరూ చేతులెత్తారు.

వరండాలో నిచ్చెన తన నీళ్ళసీసా బుడంకాయ చేతిలో పెట్టింది. "మొత్తం తాగు." బుడంకాయ గుక్క తిప్పుకోకుండా తాగింది.

కళ్ళజోడు వెనకే వచ్చాడు. "నెగ్గారుగా, ఇంకేం?"

"మాక్ తీర్మానానికి మాక్ గడియే వస్తుంది," అంది నిచ్చెన. "హెడ్మాస్టర్ గదికి పోదాం. నువ్వూ రా, మంత్రివి కదా."

"ఇప్పుడేనా?"

"హెడ్మాస్టర్ తర్వాత," అంది బుడంకాయ సీసాకు మూత పెడుతూ. "ముందు నువ్వు నాతో రావే."

నిచ్చెన అప్పటికే మరుగుదొడ్ల వైపు నడుస్తోంది.