పార్కు మేస్త్రి

కూతురు కింద కూర్చుని కుడి బూటు తాళ్లు బిగిస్తుంటే అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుడి మోకాలు వంగదు. పద్దెనిమిదేళ్లుగా వంగలేదు. పదిహేనేళ్ల ఆ పిల్ల తండ్రి మోకాలు వంగడం ఎన్నడూ చూడలేదు.

"బిగుతైందా నాన్నా?"

"సరిపోయిందమ్మా."

"నిన్న బళ్లో మళ్లీ అన్నారు."

ఏమన్నారని అతను అడగలేదు. పార్కు మేస్త్రి కూతురనే అని ఉంటారు. అన్నం డబ్బా పక్కన చెక్క దిమ్మను కూడా సంచిలో సర్దుకున్నాడు. జానెడు పొడవు, ఒక పక్క ఏటవాలుగా చెక్కిన ముక్క అది. బండి కదలకుండా చక్రం కింద పెట్టేది. అతను ఏ బండిని ముట్టుకున్నా ముందు దిమ్మ పెట్టాల్సిందే. "మేస్త్రి రాత్రి మంచానికి కూడా దిమ్మ పెట్టుకుని పడుకుంటాడంట" అని షెడ్డులో పెయింటరు నవ్వించేవాడు.

షెడ్డు గుమ్మంలోనే యజమాని ఎదురయ్యాడు. కొత్త తెల్లచొక్కా, ఇస్త్రీ మడత. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పానాల పెట్టె వాడుకున్నారు. అప్పట్లో అందరూ ఈ యజమానిని ఎడంచెయ్యి అని పిలిచేవాళ్లు. అన్ని పనులూ ఎడమ చేత్తోనే చేసేవాడు. తరవాత షెడ్డు పెట్టిన పెద్దాయనకి అల్లుడై, షెడ్డుకి యజమాని అయ్యాక ఆ పేరు ఎవరి నోటా రాలేదు. రెండో మనిషికి అంటించిన పార్కు మేస్త్రి అనే పేరు మాత్రం పోలేదు.

"మేస్త్రీ, షెడ్డు పెట్టి యాభై ఏళ్లు. నాలుగింటికి పెద్దవాళ్లంతా వస్తారు. మామగారి కారు నేనే నడుపుకుంటూ బయటికి రావాలి. గేరు లివరు పార్కులో ఇరుక్కుపోయింది. పైనించి కాస్త నూనె కొట్టి వదులు చెయ్యి, చాలు. నీ కాలుతో కిందికి దూరే పని పెట్టుకోకు."

"అలాగే సార్."

ఆ కాలి గురించి యజమాని మాట్లాడటం పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి. అతను నడుస్తూనే ఆ మాటను రెండుసార్లు తలచుకున్నాడు.

కారు వెనక గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. పొడుగాటి ముక్కు, చక్రాల మీద తెల్ల గీత, స్టీరింగు పక్కన సన్నటి గేరు లివరు. ఆ కారే. పద్దెనిమిదేళ్ల కిందట ఆ రోజు మేస్త్రి దాన్ని వాలుగా ఉన్న ర్యాంపు మీద ఆపి, లివరు పార్కులో, అంటే చక్రాల్ని కదలనివ్వని గేర్లో పెట్టి, కిందికి దూరాడు. నిమిషం కాకముందే కారు వెనక్కి దొర్లి అతని కుడి మోకాలు నలిగిపోయింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చినవాడు ఎడంచెయ్యి. "పార్కులో ఉన్న బండి కదులుతుందా? వీడు న్యూట్రల్లో వదిలేశాడు. లివరు నేనే ఇప్పుడు పార్కులోకి లాగాను" అని పెద్దాయనతో చెప్పాడు. పార్కులోనే పెట్టానని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు, ఆ మాటే మేస్త్రికి పేరైంది. అతనికి రావలసిన పెద్దమేస్త్రి పని పోయింది. కారుని వెనక గదిలో పెట్టి తాళం వేశారు. అతనికి బల్ల ముందు కూర్చుని గేర్‌బాక్సులు విప్పే పని మిగిలింది. బిగించే ప్రతి నట్టునూ ఎడంచెయ్యి మెడ అనుకుని బిగించేవాడు. అతను బిగించిన నట్టు వదులైందని ఏ బండీ తిరిగి రాలేదు.

కొత్త బ్యాటరీ, పెట్రోలు వేసి ఇంజను స్టార్టు చేశాడు. ఇలాంటి గేర్‌బాక్సులో నూనె మట్టం ఇంజను వేడెక్కి తిరుగుతున్నప్పుడే చూడాలి. మట్టం చూసే పుల్ల తీసి ఒక్క చుక్క తెల్లకాగితం మీద వదిలాడు. చుక్క వెడల్పుగా పాకింది. పాతబడి గోధుమరంగుకి తిరిగింది, అంతే. ఇనుప పొడి లేదు, మాడు వాసన లేదు. బాక్సు లోపల ఏ జబ్బూ లేదు. బ్రేకు తొక్కి లివరు లాగాడు. రాలేదు. ఇంజను ఆపి, బానెట్టు మూస్తూ నడుము కారుకి ఆనించాడు.

కారు రెండు వేళ్లంత వెనక్కి జరిగింది.

లివరు పార్కులో ఉంది. పార్కులో ఉంటే చక్రాలు బిగుసుకుని ఉండాలి. అంటే లివరు చెప్పేది ఒకటి, బాక్సు చేసేది ఇంకొకటి. ఆ రోజూ ఇంతే జరిగి ఉండాలి.

దిమ్మను చక్రం కింద తోశాడు. గోనెపట్టా పరిచి, కుడి కాలు బారజాపి, వెల్లకిలా జరుగుతూ కిందికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్ల తరవాత. టార్చి వెలిగించాడు.

లివరు నుంచి బాక్సుకి వచ్చే రాడ్డు కొస తన చోటునుంచి జారి, పక్కనున్న పట్టీకి అడ్డంపడి ఇరుక్కుంది. ఆ కొసను పట్టి ఉంచడానికి రెండు కాళ్లు విడదీసి వంచే చిన్న పిన్ను ఒకటి ఉండాలి. అది లేదు. దాని బదులు తీగ ముక్క చుట్టి ఉంది. తెగింది. తుప్పు గీకి చూశాడు. మెలిక ఎడమకి తిరిగి ఉంది.

ఆ షెడ్డులో తీగను ఎడమకి మెలిపెట్టేవాడు ఒక్కడే, ఎడంచెయ్యి. ప్రమాదానికి ముందురోజు ఆ రాడ్డు బిగించినవాడూ అతనే.

రాడ్డు కొసను చోటులో పెట్టి అదే తీగను పైపైన చుట్టి వదిలేస్తే చాలు. నాలుగింటికి తెల్లచొక్కా కారు దిగి వెనక్కి నడిచే సమయానికి కారు తన పని తాను చేసుకుంటుంది. చుట్టి చూశాడు కూడా. చేతులు ఒప్పుకోలేదు. అలాంటి పని అవి ఎప్పుడూ చేయలేదు. తీగ విప్పి జేబులో వేసుకున్నాడు. కొత్త పిన్ను దూర్చి రెండు కాళ్లూ వెనక్కి వంచాడు. తరవాత ఇంకో దారి తట్టి, పడుకునే నవ్వుకున్నాడు.

నాలుగింటికి కారుని తనే నడిపి ర్యాంపు మీద నిలిపాడు. లివరు పార్కులో పెట్టాడు, ఇంజను ఆపాడు, హ్యాండ్‌బ్రేకు వేయలేదు. దిగి వెనక చక్రానికి దిమ్మ పెట్టాడు. వచ్చినవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. పనివాళ్లు గోడ వెంట నిలబడ్డారు.

"రండి సార్" అన్నాడు. "కింద ఒకసారి చూసి సరేననండి."

యజమాని నవ్వాడు. "నువ్వు చూశావుగా."

"బండి బయటికి పోయేముందు యజమాని కిందికి దూరి చూడాలి. పెద్దాయన పెట్టిన పద్ధతి. యాభై ఏళ్ల పండగ రోజు తప్పకూడదు కదా."

కుర్చీల్లోని పెద్దవాళ్లు మెచ్చుకోలుగా తలలు ఊపారు. ఎవరో గోనెపట్టా తెచ్చి పరిచారు. యజమాని చొక్కా చేతులు మడుచుకున్నాడు. అప్పుడు మేస్త్రి వంగని కాలు పక్కకి చాపి, ఒంగి, చక్రం కింది దిమ్మను తీసేశాడు.

"ఏంటది? దిమ్మ పెట్టు."

"ఎందుకు సార్? పార్కులో ఉంది."

"హ్యాండ్‌బ్రేకు వేశావా?"

"లేదు. పార్కులో ఉన్న బండి కదులుతుందా?"

యజమాని కారు వంక చూశాడు. "కింద ఏం చూశావు?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

మేస్త్రి గొంతు తగ్గించలేదు. "పిన్ను ఉండాల్సిన చోట తీగ చూశాను."

గోడ దగ్గర నుంచి పెయింటరు అడిగాడు. "మెలిక ఎటుంది మేస్త్రీ?"

"ఎడమకి."

పనివాళ్లు ఒక్కొక్కరుగా యజమాని ఎడమ చేతి వంక చూశారు. అతను దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"తీసేసి కొత్తది వేశావా లేదా?"

"ఒరే ఎడంచెయ్యీ" అన్నాడు మేస్త్రి, పద్దెనిమిదేళ్ల తరవాత. "నువ్వే దూరి చూసుకో."

యజమాని దూరలేదు. గోనెపట్టా నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. అది అందరూ చూశారు. ఎవరూ ఇంకేమీ అడగక్కర్లేకపోయింది.

మేస్త్రి మళ్లీ ఒంగి దిమ్మను చక్రం కిందికి తోశాడు. బల్ల మీద పానాలు గుడ్డలో చుట్టుకుని, అన్నం డబ్బా సంచిలో వేసుకున్నాడు. బల్ల సొరుగు తాళంచెవి పెయింటరు చేతిలో పెట్టాడు.

"రేపు?"

"రాను."

పెయింటరు దారి ఇచ్చాడు. "జాగ్రత్తన్నా" అన్నాడు. మేస్త్రి కుంటుతూ వీధిలోకి నడిచాడు. జేబులో తీగ తొడకి గుచ్చుకుంటోంది. ఇంటికెళ్లాక బూటు విప్పించుకునేటప్పుడు కూతురికి చూపించాలి.

కుర్చీలు ఖాళీ అయ్యాయి. లైట్లు వేసేదాకా కారు ర్యాంపు మీదే నిలబడింది. ఎక్కడానికి యజమాని రాలేదు, దూరడానికి ఇంకెవరూ రాలేదు. వెనక చక్రం కింద, టైరు నలుపు పట్టి అంచులరిగిన జానెడు చెక్క దిమ్మ, ఎవరూ తీయని చోట అలాగే ఉంది.