పసుపు సాక్ష్యం

గుండిగ మూత తీసేసరికి, పసుపుపచ్చగా ఉండాల్సిన అన్నం నెత్తురుతో వండినట్టు ఎర్రగా ఉంది.

రాజ్యం చేతిలోని మూత జారి గచ్చు మీద గింగిరాలు తిరిగింది. భీమడోలు చుట్టుపక్కల ఆవిడ గరిటె తిరగని పెళ్లి పందిరి లేదు. అలాంటి మనిషి రెండడుగులు వెనక్కి వేసి, "ఇది నేను వండిన అన్నం కాదు బాబోయ్!" అంది.

గుమ్మంలో మూగిన ఆడపిల్లల్లో ఎవరో, "ఒసేయ్, దిష్టినీళ్లే!" అని కేక పెట్టారు. ఆ కేక మండవల్లి శివారులోని ఆ హాస్టలంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలు వరస వదిలేశారు. ఒకమ్మాయి ఏడుపు లంకించుకుంది.

అందరూ వెనక్కి తగ్గుతుంటే సింధూర మాత్రం తిన్నగా గుండిగ దగ్గరికి నడిచింది. ఆమె వట్లూరులో కాలేజీ లెక్చరరు, చెప్పేది ఆహారశాస్త్రం. ఈ రంగుల భోజనం ఆమె ఆలోచనే. ఏ పూట చూసినా తెల్లన్నం, నీళ్లచారుతో సరిపెట్టుకునే పిల్లల కంచంలోకి ఇన్ని రంగులు రప్పించాలని పట్టుబట్టి, కూరగాయలన్నీ తాడేపల్లిగూడెం మార్కెట్లో తనే ఏరి తెచ్చింది. రాజ్యాన్ని పిలిపించిందీ ఆమే. ఈ పూట సవ్యంగా జరిగితే రాజ్యానికి ఇక్కడ వంట ఉద్యోగం ఖాయం. "మోకాళ్లు మొరాయిస్తున్నాయమ్మా. పందిరి పందిరికీ పరిగెత్తలేను. ఒక్కచోట కుదురుగా వండుకుంటాను" అని పొద్దున్న బస్సులో ఆవిడ అన్న మాట సింధూర చెవిలోనే ఉంది.

పొద్దున్న అంతా ఎంత సరదాగా మొదలైందో! పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి సింధూర ఒక్కో కూరగాయ ఎత్తి చూపించింది. గుమ్మడికాయలో, క్యారెట్‌లో ఉన్న ఆ నారింజ రంగే ఒంట్లోకి వెళ్లి విటమిన్ ఎ అవుతుందనీ, అది చాలకపోతే చీకటిపడ్డాక కళ్లు సరిగ్గా ఆనవనీ చెప్పింది. నూనెచుక్క తగలకపోతే ఆ రంగు ఒంటికి పట్టదంది. "తోటకూర పచ్చదనం చాటున పసుపు రంగొకటి దాక్కుంటుంది. అది కంటి లోపలి పొరకి కాపలా. ఇక బీట్‌రూట్ సంగతి. రేపు పొద్దున్న బాత్రూములో ఎర్రగా కనిపిస్తే వార్డెన్‌గారి తలుపు బాదకండి. కొంతమందికి ఆ రంగు అలా దిగిపోతుంది, అంతే." పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ తర్వాత ప్రారంభోత్సవం. రిబ్బను కోయడం పాతబడిందని, తెల్లగుడ్డ మీద పసుపు చేతిముద్రలు వేయించింది. తనొకటి, వార్డెన్ సీతాలక్ష్మి ఒకటి, హాస్టలు కమిటీ పెద్ద నరసింహరాజు ఒకటి. ఆయనకు కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. హాస్టలు బోరు మోటారు కాలిపోతే, తన చెరువు షెడ్డు దగ్గరి బోరు నుంచి రెండు డ్రముల నీళ్లు పంపించి, ఆ ట్రక్కు ఆటో వెనకాలే బుల్లెట్ మీద వచ్చాడు. దిగీ దిగగానే చెయ్యి పసుపులో ముంచి గుడ్డ మీద వేశాడు. కాసేపటికి ఆ ముద్ర చూసి సీతాలక్ష్మి, "ఏవండీ రాజుగారూ, మీ చెయ్యి పారాణి పెట్టినట్టు పండిందే! పెళ్లికొడుకు కళ వచ్చేసిందండీ" అని వేళాకోళమాడింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. గుడ్డను భోజనాల హాలు గోడకు మేకులు కొట్టి తగిలించారు.

ఇప్పుడా నవ్వులన్నీ ఎక్కడికి పోయాయో.

నరసింహరాజు పైకండువా దులుపుకుంటూ వంటశాలలోకి వచ్చాడు. గుండిగలోకి తొంగిచూసి మొహం చిట్లించాడు. "ఇదేం వంటమ్మా? పిల్లకాయలకి పెట్టేదాంట్లో మిఠాయికొట్టు రంగు గుమ్మరించావా?"

"నా వంటలో డబ్బారంగు ఏనాడూ పడలేదండి" అంది రాజ్యం. తల దించలేదు. "పసుపు, ఉప్పు, నూనె, మీరు పంపించిన నీళ్లు. అంతేనండి. చివర్లో పసుపు చల్లి మూత పెట్టేశాను."

"పసుపు వేస్తే ఎర్రబడుద్దా ఎక్కడైనా? సీతాలక్ష్మిగారూ, ఈవిడ్ని ఏలూరు బస్సెక్కించెయ్యండి. రేపు ఏ పిల్లకైనా ఏమన్నా అయితే జనం నా మొహాన ఉమ్మేస్తారు."

"ఒక్క క్షణం ఆగండి రాజుగారూ" అంది సింధూర. "రంగు పోసినవాళ్లు అబద్ధం చెప్పొచ్చు. రంగు చెప్పదు."

గరిటెడు అన్నం పళ్లెంలోకి తీసి, నిమ్మకాయ కోసి పిండింది. రసం పడ్డచోటల్లా ఎరుపు విరిగిపోయింది. గింజ గింజా పసుపుపచ్చగా తేలింది. పిల్లలు "ఓ!" అన్నారు.

"చూశారా? డబ్బారంగు అయితే నిమ్మరసానికి ఇలా లొంగదు. ఇది అచ్చమైన పసుపే. దీన్ని ఎర్రగా మార్చింది సున్నం లాంటి ఘాటు సరుకు. నిమ్మపులుపు తగలగానే దాని ఘాటు చచ్చింది, పసుపు మళ్లీ పసుపైంది."

ఆమె ధీమాగా తలెత్తింది. కానీ నరసింహరాజు కళ్లు పళ్లెం మీద లేవు. రాజ్యం నడుము మీద ఉన్నాయి.

"సున్నమంటారా?" అన్నాడాయన నెమ్మదిగా. "అయితే ఆ బొడ్లో ఏంటో అడగండి."

అందరూ అటు చూశారు. రాజ్యం చీరకుచ్చెళ్ల దగ్గర దోపుకున్న ఇత్తడి డబ్బీ తళుక్కుమంది. కిళ్లీలోకి సున్నం పెట్టుకునే డబ్బీ. ఆకూ వక్కా లేందే పొయ్యి ముట్టించని మనిషి ఆవిడ.

నిమ్మకాయ పిండి సింధూర నిరూపించిన నిజమే రాజ్యం మెడకు చుట్టుకుంది.

"వంగినప్పుడు జారిపడుంటది. పోనీ చేసిందాన్ని ఒప్పుకోవాలి కదా!" అన్నాడు నరసింహరాజు.

"నా డబ్బీ నిండా ఉందండి, కావాలంటే చూడండి!" రాజ్యం డబ్బీ తెరిచి చాపింది. "అయినా వేలికొసంత సున్నానికి గుండిగెడు అన్నం ఎర్రబడుద్దా? ఆ లెక్కన నా నోరు ఏనాడో కాలి బూడిదవ్వాలి!"

ఎవరో కిసుక్కుమన్నారు. సీతాలక్ష్మి మాత్రం ఇబ్బందిగా, "సింధూరగారూ, కమిటీ మాట నేను కాదనలేనండి" అంది. బయట రాజ్యం సంచిని ఎవరో వరండా మెట్టు మీద పెట్టేశారు. ఆవిడ ఆ సంచి వంకే చూస్తోంది.

"రాజ్యంగారూ, ఇటు చూడండి" అంది సింధూర. "బియ్యం కడిగినప్పుడు నీళ్లు ఎలా ఉన్నాయి?"

రాజ్యం ఆలోచించింది. "చేతికి జారుడుగా తగిలాయమ్మా, సబ్బునీళ్లలా. చెరువు గట్టు బోరు కదా, ఉప్పునీళ్లనుకున్నాను."

సింధూర కళ్లు మెరిశాయి. షర్బత్ కోసం తెచ్చిన శంఖపుష్పాల పొట్లం విప్పింది. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోని నీళ్లు ఒక గాజుగ్లాసులో పోసి, నాలుగు పువ్వులు నలిపి వేసింది. నీళ్లు నీలంగా మారాయి.

"నేరేడుపండుకి, వంకాయ తొక్కకి, ఈ పువ్వుకి రంగిచ్చేది ఒకే జాతి సరుకు. ఎండ దెబ్బకి మొక్క పట్టుకున్న గొడుగు. తింటే మన రక్తనాళాలకీ మేలేనంటారు. దానికి ఇంకో గుణముంది. పులుపు తగిలితే గులాబీ రంగు, సున్నం తగిలితే ఆకుపచ్చ. మొహమాటం తెలీదు దానికి."

రెండో గ్లాసులో వంటశాల డ్రములోని నీళ్లు పోసి పువ్వులు నలిపింది. నీలం ఒక్క రవ్వ నిలిచి, కళ్లముందే ఆకుపచ్చలోకి జారిపోయింది.

"చెప్పానా! డ్రములో కూడా పడేసింది" అన్నాడు నరసింహరాజు. కానీ గొంతులో ముందటి ఊపు లేదు.

"కావచ్చు. అందుకే మూడో గ్లాసు కూడా చూద్దాం. రెండో డ్రము ఎక్కడ?"

రెండో డ్రము ఆటోలోనే ఉంది. మూతి మీద గోతం కప్పి నైలాన్ తాడుతో బిగించి కట్టింది కట్టినట్టే ఉంది. ఆటో నడిపేది రాజుగారి చెరువు మీద పనిచేసే దుర్గారావు. సింధూర ముడి చూపించి, "దుర్గారావుగారూ, ఇది విప్పారా ఎవరైనా?" అంది.

"లేదండి. చెరువు కాడ నేనే కట్టానండి. నా ముడి ఇంకోళ్లకి ఊడి రాదండి."

"అయితే మీరే విప్పండి."

అతను విప్పాడు. సింధూర నీళ్లు ముంచి, అందరూ చూసేలా గ్లాసు ఎండలోకి ఎత్తి పట్టుకుని పువ్వులు నలిపింది.

ఆకుపచ్చ.

పిల్లల్లో గుసగుస లేచింది. సింధూర చెయ్యి అడుగుకంటా పెట్టి తీసింది. గోళ్ల సందున తెల్లటి మడ్డి. "రాజ్యంగారు ఈ డ్రము మొహమే చూడలేదు. సున్నం ఆవిడ నడుము నుంచి రాలేదు. చెరువు దగ్గర్నుంచి వచ్చింది."

రాజ్యం కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్లి మెట్టు మీది తన సంచి తనే తీసుకుని చంకలో పెట్టుకుంది.

దుర్గారావు ఒకసారి యజమాని వైపు చూసి, గబుక్కున ముందుకొచ్చాడు. "నేనే వేశానండి. తప్పయిపోయిందండి."

"ఎంత వేశారు?"

"ఒక... ఒక బస్తా అండి."

"బస్తా వేస్తే ఇక డ్రములో నీళ్లకి చోటెక్కడుంది నాయనా?" అంది రాజ్యం. "అబద్ధమాడినా అతికినట్టుండాలి!"

పిల్లలు గొల్లుమన్నారు. సింధూర నవ్వలేదు. భోజనాల హాలు కిటికీలోంచి కనిపిస్తున్న తెల్లగుడ్డ వైపు తిరిగింది.

"సీతాలక్ష్మిగారూ, పొద్దున్న ముగ్గురం ఒకే గిన్నెలో పసుపు ముట్టుకున్నాం కదండీ? మీ ముద్ర చూడండి, పసుపుపచ్చ. నాదీ అంతే. మరి మూడోది?"

సీతాలక్ష్మి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలంతా చూశారు. రెండు పచ్చటి చేతుల పక్కన, రేఖ రేఖనా పారాణిలా పండిన ఎర్రటి చెయ్యి.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నరసింహరాజు అరచెయ్యి కండువాలో దాచుకోబోయాడు. సగంలో ఆగిపోయాడు. ఆ చెయ్యి బయటికి తీసి తనే ఒకసారి చూసుకున్నాడు. తర్వాత వరండా మెట్టు మీద, ఇందాక రాజ్యం సంచి పెట్టినచోటే కూలబడ్డాడు.

"వాడు కాదమ్మా. వాడికసలు తెలీదు. డీజిలు కొట్టించుకోడానికి వెళ్లాడు. నేనే వేశాను. నా చేత్తోనే.

"చేప నీరసపడితే చెరువుకి సున్నం కొడతాం. నీళ్లు తేరుకుంటాయి, తెగులు పోద్ది. పుట్టి బుద్ధెరిగాక నాకు తెలిసిన నీళ్ల వైద్యం అదొక్కటే. పోయినేడు మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వచ్చినోళ్లు మా బోరు నీళ్లు తాగి వాంతులు చేసుకున్నారు. ఆ పరువు తక్కువ ఇంకా నా గుండెలోనే ఉంది. ఇవాళ ఆడపిల్లలు తాగే నీళ్లు, ఏ తెగులూ ఉండకూడదని డ్రముకి రెండేసి దోసిళ్లు వేశాను. పిల్లలకీ చేపలకీ తేడా ఉందని తోచలేదమ్మా.

"అన్నం ఎర్రగా చూసినప్పుడు నిజంగానే రంగనుకున్నాను. మీరు నిమ్మకాయ పిండారు చూడండి, అప్పుడు తెలిసిపోయింది. నోటిదాకా వచ్చింది. ఇంతమందిలో రాజుగారు చేపల సున్నం పిల్లలకి పెట్టాడంటారని మింగేశాను. ఆ మింగడంలోనే ఈవిడ బొడ్లో డబ్బీ కంటపడింది.

"రాజ్యమ్మా, ఈ వంటిల్లు ఇక నీది. ఆ గుండిగ పారబోయించి, మండవల్లి నుంచి మంచినీళ్ల టిన్నులు నేనే మోసుకొస్తాను. నువ్వు మళ్లీ వండు, ఈ పిల్లలందరికీ పెట్టాక మిగిలితే నాకూ ఓ ముద్ద పెట్టు. పెట్టకపోయినా అనుకోను. డ్రములో సున్నం వేసింది తెలీక చేశాను. నీ డబ్బీ వైపు వేలు చూపించింది మాత్రం తెలిసే చేశాను."