గవాక్షబంధనము

పుష్యమాసారంభమున మదనపల్లె పట్టణమును మంచు తెల్లవాఱుటకు ముందే యాక్రమించి సూర్యోదయానంతరము గూడ విడువక యిండ్లమిద్దెలను విద్యుత్స్తంభములను టమోటాగంపలతో విపణికేగు లారీల దీపములను సమముగా మాపివేసి యేది యెంత దూరమున నున్నదో యెఱుగరాని యొక ధూసరవస్త్రమునందు సమస్తమును జుట్టిపెట్టియుండెను. శబ్దములు సైతము తడిసి బరువెక్కినట్లు మెల్లమెల్లగా వినవచ్చుచుండెను. అట్టి యుదయమున నెనిమిదిగంటల వేళ నీరుగట్టువారిపల్లె వీధులలో నొక చిన్న మిద్దెయింటి లోగదియందు మంచముపై నళిని యను బాలింత గోడవంక జూచుచు గూర్చుండియుండెను.

ఆమె ప్రసవించి పందొమ్మిది దినములయ్యెను. ప్రక్కనున్న యుయ్యాలలో శిశువు మేల్కాంచి యేడ్వసాగెను. ఆ రోదనము నళినికి వినబడకపోలేదు. వీధికావల నెవరి యింటిలోనో మ్రోగుచున్న రేడియో వలె వినబడెను. బిడ్డ యాకొన్నదని యామె యెఱుగును. ఎత్తుకొనవలయుననియు నెఱుగును. ఎఱిగినదానికిని చేతికిని నడుమ మాత్ర మేదియో తెగియుండెను. ఉన్నతపాఠశాలలో నఱువదిమంది బాలికలకు గణితము బోధించుచు నల్లబల్లపై చకచక సమీకరణములు వ్రాయుచుండిన యా యువతికి దుఃఖము గాని విసుగు గాని లేదు. ఏమియు లేకుండుటయే యుండెను.

తల భారముగా నున్నదని మూడుమాఱులు చెప్పుకొన్నప్పుడు తల్లి కాంతమ్మ యిచ్చిన యుత్తర మొక్కటియే.

“నేను నలుగుర్ని కన్నాను. పొద్దున కని సాయంత్రానికి మగ్గంలో కూర్చున్నాను. నీకు తలకాయ మోసేదానికి గూడా ఒక మనిషి గావల్ల.”

నాలవమాఱు నళిని చెప్పలేదు.

కాంతమ్మ కఠినురాలు గాదు. యౌవనమునందే భర్తృవిహీనయై పట్టుచీరలు నేసి నలుగురు బిడ్డలను బెంచి కడపటిదానిని పట్టభద్రురాలిని జేసిన యామెకు బాలింతకు చలిగాలి సోకినచో వాతము కమ్మునను భయ మెముకలలో నుండెను. ఆ భయముచేత నాసుపత్రినుండి కూతురు వచ్చిన దినముననే స్నానపుగది గోడపై నున్న చిన్న గవాక్షమునకు పాతబొంతను నాలుగుమడతలుగా మడిచి మేకులు దిగగొట్టి తలుపుక్రింది సందునందు గోనెసంచి కుక్కి చీమకు గూడ త్రోవ లేకుండ గదిని బంధించి యా గదిగోడకు బిగించిన గ్యాసుగీజరును గంటసేపు వెలిగించి సలసల క్రాగు నీటిని చెంబులు చెంబులుగా ప్రతిదినమును కూతురి నడుముపై గ్రుమ్మరించుచుండెను. స్నానానంతరము గూడ కూతురిని ఆ వెచ్చదనమునందే యరగంటసేపు కూర్చుండబెట్టి తాను శిశువు నొద్దకు బోవుచుండెను. తనకు వచ్చు తలనొప్పికి తల బిగించి గుడ్డ కట్టుకొని ముసలితనమని సరిపెట్టుకొనుచుండెను. ఆ గీజరు నళిని తన మొదటియేటి జీతముతో కొన్నది. తల్లి కట్టెలపొయ్యి యూదుచు కన్నులు నలుపుకొనుట చూడలేక కొన్నది.

రెండుదినములుగా గీజరుమంట పసుపువన్నె కెక్కి నీరు తొందరగా కాగకుండెను. వెలుపల చలి మిక్కుటమగుటచేత నాడు శిశువునకు గూడ తల్లితోబాటు ఆ గదిలోనే నీరు పోయవలయునని కాంతమ్మ నిశ్చయించుకొనియుండెను. కావున గ్యాసు పరికరములు బాగుచేయు రెడ్డెప్పకు పెందలకడనే కబురంపెను. అతడు ఏబదియేండ్లవాడు. మాట తక్కువ. ఇంటిలో నడుగిడగానే గోడవెలుపల నున్న సిలిండరును మూసివేసి రబ్బరుగొట్టముపై ముద్రించిన సంవత్సరమును జదివి గడువు తీఱినదని దానిని దీసి క్రొత్తది తొడిగి పట్టీలు బిగించి గ్యాసు వదలి సబ్బునురుగు పూసి బుడగ లేచునేమోయని కనిపెట్టి చూచెను. ఒక్క బుడగయు లేవలేదు.

“లీకు లేదు గదా. ఇంగ వెలిగించి పో నాయనా. నీళ్ళు పోసే పొద్దయింది” అని కాంతమ్మ తొందరపెట్టెను.

రెడ్డెప్ప గీజరు పైరేకు విప్పెను. లోపల కాటుక వలె మసి దట్టముగా బట్టియుండెను. కుంచెతో మంట వెడలు రంధ్రములన్నియు దుడిచి మసి రాల్చి మరల బిగించి తలుపు బార్లగా దెఱచి వెలిగించెను. మంట నీలముగా నిలిచెను. తలుపు మూసి చూచెను. కొంతసేపటికే యా నీలము తెల్లబాఱి కొసలయందు పసుపెక్కి యల్లలాడసాగెను. అతడు వెంటనే యార్పి తల యెత్తి గోడపైకి జూచెను.

“మా, ఆ బొంత ఎవరు కొట్టినారు?”

“నేనే. ఏం? బాలింత ఉండే ఇంట్లో గాలి తోలుకుంటామా?”

“మంటకు గాలి గావల్ల మా. గాలి చాలకుంటే అది విషం కక్కుతాది. గ్యాసు లీకయితే వాసనొస్తాది, దీనికి వాసన లేదు. కంటికి కనపడదు. మనిషి నిద్రొచ్చినట్ల ఒరిగిపోతాడు.”

“కనపడనిది, వాసన రానిది, నీకు మాత్రం ఎట్ల తెలిసెనప్పా?”

రెడ్డెప్ప యా యెత్తిపొడుపును బట్టించుకొనక లోగది గడపయొద్ద నిలిచి నళిని నడిగెను. “నీళ్ళు పోసుకున్నంక ఎట్లుంటాది మా నీకు?”

నళినికి ప్రశ్నను లోపలికి దించుకొనుటకు గొంతసేపు పట్టెను. “తలకాయ దిమ్ముగా ఉంటాది. కడుపులో తిప్పుతాది. కాళ్ళు నావి గాదనిపిస్తాది.”

“పోసుకోని దినం?”

“మొన్న ఆదివారం సిలిండరు అయిపోయి పోసుకోలేదు. ఆ దినం సాయంత్రం...” ఆమె యాగి జ్ఞాపకమును వెదకికొనెను. “ఆ దినం బిడ్డను ఎత్తుకున్నాను.”

కాంతమ్మ కూతురివంక జూచెను. చూచియు లొంగలేదు. “ఆదివారం మా అల్లుడు వచ్చిండె. మొగుణ్ణి చూస్తే ఎవురికైనా పానం లేచొస్తాది. దానికీ గీజరుకీ ఏం సంబంధం?”

“వెలిగించను మా.”

“నువ్వు గాకుంటే ఇంకొకడు వస్తాడు. మీ ఓనరుకు ఫోను చేస్తా.”

“చేయండి. నేను మాత్రం వెలిగించను.”

అట్లని యతడు సంచినుండి కాగితము దీసి గాలిమార్గము మూయబడియున్నదనియు నీ గీజరును వాడరాదనియు నింటివారికి దెలుపబడినదనియు పెద్దపెద్ద యక్షరములతో వ్రాసి సంతకము గోరెను. అక్షరజ్ఞానము లేని కాంతమ్మ విసుగుతో కాగితమును కూతురి యొడిలోనికి ద్రోసెను. “గీకి పంపీ. పోనీ ఈయప్పను.”

నళిని కలము బట్టెను. అది వ్రేళ్ళనడుమనుండి జాఱి నేలబడెను. కాంతమ్మ తీసి యిచ్చెను. ఈమాఱు కాగితముపై నొక గీత పడి యది యక్షరము గాకమునుపే ప్రక్కకు బోయి కలము మరల జాఱెను. నళిని తన కుడిచేతిని మోకాలిపై బెట్టుకొని మఱియొకరు మఱచిపోయిన వస్తువును జూచినట్లు చూచెను. సిగ్గుపడలేదు. వెఱవలేదు. అక్కఱ లేనట్లు గోడవంకకు మరల దిరిగెను.

ఆ చేతికి బలపము పట్టించి కూతురి నొకటవతరగతిలో గూర్చుండబెట్టి వచ్చినది కాంతమ్మయే. ఆమె వంగి కలమును దీసెను గాని కూతురికీయలేదు. దానిని మంచముపై బెట్టెను. పిమ్మట స్నానపుగదికి బోయి బకెటు బోర్లించి దానిపై కెక్కి బొంతను రెండుచేతుల బట్టి లాగెను. మేకులు గోడసున్నముతోగూడ నూడివచ్చెను. మంచుగాలి లోపలికి వచ్చెను.

రెడ్డెప్ప సిలిండరునుండి రెగ్యులేటరు నూడదీసి యామె చేతబెట్టెను. “ముందు ఇద్దర్నీ పెద్దాసుపత్రికి తీసకపోండి మా. బిడ్డ గూడా ఈ ఇంటిగాలే పీల్చింది. బాలింత నీరసమని చెప్పొద్దు. మూసిన గదిలో గ్యాసుగీజరు అని చెప్పండి, డాక్టరుకు అర్థమవుతాది. మీరూ చూపించుకోండి. గీజరును నేనొచ్చి బయటిగోడకు మారుస్తా. అందాక ముట్టుకోవద్దు.”

“నేను చెడ్డకు చేసినానా నాయనా?” అని కాంతమ్మ యడిగెను.

అతడు పనిముట్లు సర్దుకొనుచు “ఆటో పిలుచుకోని వస్తా” నని మాత్రము పలికెను.

ఆసుపత్రిలో వైద్యుడు నళిని ముఖమునకు ప్రాణవాయువు గొట్టము దొడిగి రెండుదినము లుంచుకొనెను. శిశువునకు భయము లేదనెను. నళినికి మాత్రము తేఱుకొనుటకు గొన్ని వారములు పట్టవచ్చుననియు మనసున గమ్మిన చీకటి యొక్కసారిగ విచ్చిపోవునని యాశింపవలదనియు జెప్పెను. అట్లే యయ్యెను. ఇంటికి వచ్చినపిదప గూడ నామె గోడవంకనే కూర్చుండెను. బిడ్డ నొడిలో బెట్టిన బట్టుకొనెను. తీసికొనిన నిచ్చివేసెను. కాంతమ్మ తలభారమెట్లున్నదని గంటకొకమాఱు అడుగుచు జవాబు రానప్పుడు తనలో నెత్తిపొడుపు మాటలను మ్రింగుకొనుచుండెను.

ఇంటికి వచ్చిన నాలవనాడు పెరటిలో చీరలు దడిగట్టి మూడురాళ్ళపొయ్యిపై కట్టెలతో నీరు గాచి కూతురిని పీటపై గూర్చుండబెట్టి కాంతమ్మ మొదటి చెంబు నడుముపై బోసెను. నళిని కదలలేదు. రెండవది పోసెను. కదలలేదు. మూడవది పోయగా నామె వీపు చటుక్కున ముడుచుకొనెను.

“అమా, కాలుతాండాయి.”

కాంతమ్మ చెంబుతోడనే నిలిచిపోయెను. “ఏమంటివి?”

“నీళ్ళు కాలుతాండాయి అంటి.”

తల్లి వెంటనే చన్నీళ్ళకుండ నెత్తి వేడినీటిలో గలిపి వ్రేళ్ళతో గలియద్రిప్పి నాలవచెంబు ముంచి దానిని బోయక కూతురి మోచేతిపై నించుక చిలికి “ఇప్పుడు?” అని యడిగి యామె తలయూచువఱకు వేచియుండెను. నలుగురికి నీళ్ళు పోసి పెంచిన యా చేయి నీటివేడిని బిడ్డనడిగి తెలిసికొనుట యదియే మొదలు.