చుక్కలు చెరిగిన గేజీలు

సాఫ్ట్‌వేర్ కొనడం ఇంత తలనొప్పి అని ముందే తెలిస్తే తు మింగ్‌హాన్ ఆ నెలంతా సెలవు పెట్టి పడుకునేవాడు. పెట్టనిచ్చేవాళ్ళు కాదనుకోండి. నట్లు కొనే డెన్మార్క్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం తమ తనిఖీ మనిషి గాంగ్‌షాన్‌లోని వీళ్ళ ఫ్యాక్టరీకి వస్తున్నాడట. నట్టులో మర సరిగ్గా ఉందో లేదో చూసే ప్రతి గేజీ వివరమూ కంప్యూటర్‌లో కనిపించాలట. ఏ గేజీ మంచిదో ఏది చెడ్డదో తేల్చిన సాఫ్ట్‌వేర్‌కు ఒక మనిషి పూచీపడి సంతకం చెయ్యాలట. ఆ ఫ్యాక్టరీలో గేజీల గదికి పెద్ద మింగ్‌హానే కాబట్టి సంతకం అతనిదే. తప్పుడు దాని కింద పేరు రాస్తే, ఆ తర్వాత ఓడెక్కే ప్రతి నట్టూ అతని మాట మోసుకుని వెళ్తుంది.

గదిలో బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు వరసగా కూర్చున్నాయి, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. మొదటిది విదేశీ సరుకు. ఏ మీట నొక్కినా ఒక కిటికీ తెరుచుకునేది, అందులోంచి ఇంకొకటి, చివరికి మొదలుపెట్టిన చోటుకే తెచ్చి దింపేది. మూడోది తైనాన్‌లో రిటైరైన ఔయాంగ్ అనే ప్రొఫెసర్ రాసింది. బూడిదరంగు తెర, చిన్న అక్షరాలు, బొమ్మన్నది లేదు. దాన్ని చూసి యజమానమ్మ పాంగ్ సూచిన్ చావుకబురులా ఉందని మొహం తిప్పేసుకుంది. ఏదైనా సందేహం వస్తే ప్రొఫెసర్‌కు ఫోన్ చెయ్యాలి. ఆయనకు చెముడు. పైగా ఆయన పెంచుకునే మైనా మధ్యలో మాట్లాడేది.

రెండోది తైచుంగ్ కంపెనీది. దానికి రంగులున్నాయి, గుండ్రంగా తిరిగే గేజీ బొమ్మ ఉంది, మంచి గేజీకి గంట మోగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని అమ్మేవాడు యజమానమ్మ చెల్లెలి కొడుకు జున్‌యెన్. ముప్పై ఏళ్ళవాడు, మంచివాడు. ఆ మంచితనంతోనే అసలు చిక్కు. వాడు ఎవరినీ ఊరికే కూర్చోనివ్వడు, తనూ కూర్చోడు. మింగ్‌హాన్ ఒక ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, ఇంకో రంగు చూపిస్తాడు. మర కోణం గురించి అడిగితే, "బాబాయ్, మీరు అవేవీ ఆలోచించక్కర్లేదు. అదే చూసుకుంటుంది," అన్నాడు.

అది ఏం చూసుకుంటుందో చెప్పమనే మింగ్‌హాన్ వారం రోజులుగా అడుగుతున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అయింది. ప్రొఫెసర్ నిజంగానే చెవిటివాడైనా కనీసం రెండోసారి అడిగితే జవాబిచ్చేవాడు.

శుక్రవారం చాంద్రమాసంలో పదహారో రోజు, వ్యాపారస్తులు దేవతలకు నైవేద్యం పెట్టే రోజు. ఫ్యాక్టరీ ముందు బల్లలు వేసి పళ్ళూ, బిస్కెట్లూ, పంది మాంసమూ పెట్టి అగరువత్తులు వెలిగించారు. అందరూ బయట వరసగా నిలబడ్డారు. జున్‌యెన్ మాత్రం తనకు పనుందని గేజీల గదిలోనే ఉండిపోయాడు. దేవతల పేర అంటించిన కాగితపు నోట్లు కాలి బూడిదయ్యాక, చేతులు దులుపుకుంటూ మింగ్‌హాన్, ఆలాన్ లోపలికి వచ్చారు. ఆలాన్ ఆ గదిలో కొలతలు తీసే మనిషి. సన్నటి తీగలు మూడు మర గాడుల్లో ఆనించి కొలిస్తే ఆమె అంకె తప్పడం ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

గేజీలుండే సొరుగులు రెండూ బల్ల మీద ఉన్నాయి. గేజీలన్నీ తళతళలాడుతున్నాయి. ప్రతి పిడి మీదా కంప్యూటర్ చదివే నలుపు తెలుపు గీతల స్టిక్కరు తీర్చిదిద్దినట్టు అంటించి ఉంది. గదంతా థిన్నర్ వాసన. జున్‌యెన్ చొక్కా చేతులు మడిచి, పండగకు ఇల్లు కడిగిన కోడలిలా గర్వంగా నిలబడ్డాడు.

"పిడుల మీద ఏదో ఎర్రరంగు అంటుకుపోయి స్టిక్కరు నిలవలేదు బాబాయ్. మొత్తం తుడిచేశా. దారాలకు వేలాడే అట్టముక్కలు కూడా తీసేసి ఇదిగో, ఒక్కటి పోకుండా డబ్బాలో పెట్టా."

మింగ్‌హాన్ దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డాడు. కోపం రావాల్సిన చోట ముందు అలసట వచ్చింది.

నట్టుకు మర కోశాక జింకు పూత పూస్తారు. పూత పడితే మర ఇరుకవుతుంది. అందుకని పూతకు ముందు దాన్ని కాస్త వదులుగా కొయ్యాలి. ఎంత వదులో చూడ్డానికి ఒక గేజీ, పూత పూసి తెచ్చాక చూడ్డానికి ఇంకొకటి. రెండూ కవలలు. తేడా తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. వీధి చివర గేజీలు సానబట్టే ముసలాయన వాటి మీద సైజు ఒక్కటే చెక్కేవాడు. ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పేది, ముందుదాని పిడి చివర ఆలాన్ పెట్టే ఎర్ర గోళ్ళరంగు చుక్క. ఏ గేజీ నంబరేమిటో చెప్పేది అట్టముక్క. ఇప్పుడు చుక్కలు లేవు. అట్టముక్కలన్నీ భద్రంగా ఒకే డబ్బాలో ఉన్నాయి.

ఇదంతా విని జున్‌యెన్ మొహం పాలిపోయింది. గోళ్ళరంగు సంగతి తనకెవరూ చెప్పలేదన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. గాంగ్‌షాన్‌లో గేజీకి గోళ్ళరంగు ఎందుకు పెడతారని అడిగేవాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు.

ఆలాన్ చూపు కొలిచే యంత్రం మీద ఆగిపోయింది. దాని నెత్తిన ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ కొబ్బరి చిరుతిండి పొట్లం లేదు. యంత్రాలు మొరాయించకుండా బుద్ధిగా ఉండాలని పెట్టే పొట్లం అది. గడువు దాటకుండా ఆమే మారుస్తుంది.

"పొట్లం ఏదిరా?"

జున్‌యెన్ నేల చూపులు చూశాడు. "ఆకలేసింది అత్తా. అందరూ బయట ఉన్నారు..."

"తిన్నావా? యంత్రం నెత్తి మీద ఉన్నదాన్ని తీసి తిన్నావా?" ఆమె మింగ్‌హాన్ వైపు తిరిగింది. "విన్నావా అన్నా? చుక్కలు తుడిచినందుకు నేనేమీ అనను. చిన్నవాడు, తెలీదు. ఇది తినేంత తెలివి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది వీడికి?"

శనివారం ఉదయం ముగ్గురూ కూర్చుని ఒక్కో గేజీ మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు. ఇంకో దారి లేదు. ఆలాన్ కొలుస్తుంది, మింగ్‌హాన్ అంకె చదువుతాడు, జున్‌యెన్ తన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తాడు. మొదటి గేజీకి గంట మోగింది. రెండోదానికీ మోగింది. మూడోదానికి తెరంతా ఎర్రబడి పెద్ద అడ్డగీత పడింది. పనికిరాదట. అది పూతకు ముందు వాడే గేజీ అని మింగ్‌హాన్‌కు అంకె చూడగానే అర్థమైంది. పూత ఎంత మందమో దానికి నాలుగింతలు, మామూలు గేజీ కంటే అదనంగా లావుండాలి, అలాగే ఉంది. ఆ సంగతి దానికి ఎక్కడ చెప్పాలో చూపించమన్నాడు. జున్‌యెన్ వెతికాడు, తైచుంగ్‌కు ఫోన్ చేశాడు, బయటికెళ్ళి మాట్లాడాడు, లోపలికి వచ్చాడు.

"వచ్చే వెర్షన్‌లో పెడతారట బాబాయ్."

సొరుగులో గేజీల్లో సగం పూతకు ముందువే. అంటే ఈ రంగుల సాఫ్ట్‌వేర్ లెక్కన సగం సొరుగు చెత్తబుట్ట పాలు. గంట మోగించడానికి పెట్టిన శ్రద్ధలో పిసరంత దీని మీద పెడితే ఏం పోయిందని మింగ్‌హాన్‌కు అరవాలనిపించింది. అరవలేదు. విదేశీదాని ముందు కూర్చున్నాడు. అందులో పూత భాగం ఉంది. కాకపోతే అది తెరుచుకోవాలంటే కంపెనీ ఇచ్చే వేరే తాళం కావాలట. తాళం కోసం రాస్తే, ఆఫీసు సోమవారం తెరుస్తామని జవాబు దానంతటదే వచ్చిపడింది.

ఇక మిగిలింది చావుకబురు. ఆ బూడిదరంగు తెరలో, కుడివైపు మూలన, పూత మందం అన్న చిన్న గడి ఉంది. ఎనిమిది మైక్రాన్లని కొట్టాడు. ఇందాక చచ్చిందన్న గేజీ బతికింది. గంట మోగలేదు, బొమ్మ తిరగలేదు. ‘సరి’ అన్న మాట ఒక్కటే కనిపించింది. కొత్త గేజీకి హద్దు ఎంతో, వాడి అరిగినదానికి హద్దు ఎంతో, రెండూ కింద చూపించింది. మింగ్‌హాన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వారం రోజుల్లో అతను అడిగినదానికి జవాబు రావడం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి సొరుగులు రెండూ దాదాపు తేలిపోయాయి. జున్‌యెన్ అంకెలు కొట్టాడు, పాత కొలతల చిట్టాతో పోల్చి అట్టముక్కలు వెతికి కట్టాడు. అన్నం డబ్బాలు వచ్చినప్పుడు ఆలాన్ తన డబ్బాలోని, టీ నీళ్ళలో ఉడికించిన గుడ్డు తీసి మింగ్‌హాన్ అన్నంలో పెట్టింది. అతని భార్య పోయినప్పటి నుంచి ఆమె ఆ పని చేస్తూనే ఉంది, దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు ఇంకో గుడ్డు తెప్పించి జున్‌యెన్ డబ్బాలో కూడా పడేసింది. "తిను. ఇది ఎవరి నెత్తి మీదిదీ కాదు," అంది.

అన్నాలయ్యాక ఒక గేజీ దగ్గర ఆగిపోయారు.

అది ముందుదీ కాదు, తర్వాతదీ కాదు. రెంటికీ మధ్యన ఎక్కడో ఉంది. ఆలాన్ తీగలు మార్చి మళ్ళీ కొలిచింది. అంకె మారలేదు. అప్పటికి డబ్బాలో మిగిలింది ఒకే అట్టముక్క. పూతకు ముందుది, అన్నిటికంటే ఎక్కువ వాడేది, మళ్ళీ కొలవాల్సిన గడువు ఇంకా చాలా దూరం ఉన్నది. ఆ గేజీ అరిగి అరిగి హద్దు దాటిపోయింది. దాని నెత్తిన ఎర్ర చుక్క ఉన్నంతకాలం ఎవరూ అనుమానించలేదు. జున్‌యెన్ థిన్నర్ గుడ్డ పట్టకపోతే సోమవారం కూడా అది మంచి గేజీల వరసలోనే నిలబడి ఉండేది, కింద మింగ్‌హాన్ సంతకంతో.

ఆ మాట వాడితో అనాలా వద్దా అని అతను కాసేపు తటపటాయించాడు. వాడిని చూస్తే జాలేసింది, అనేశాడు.

ఇంతలో యజమానమ్మ వచ్చింది. సంగతంతా విని, పూతకు పంపని నట్లు బుట్టల్లో ఎన్ని ఉన్నాయో కనుక్కుంది. పూతవాళ్ళ లారీ శనివారం రాదు గనక అన్నీ పెరట్లోనే ఉన్నాయి. ఓడెక్కినవాటికి భయం లేదు, వాటిని పూత తర్వాత వేరే గేజీతో చూసే పంపారు. ఆమె బూడిదరంగు తెర ముందు కూర్చుని, ఆ పూత గడి మీద వేలు పెట్టింది.

"తు గారూ, ఇక్కడ ఎనిమిది బదులు ఐదు కొడితే ఈ గేజీ కూడా సరి అనేస్తుంది కదా?"

"అంటుందమ్మా."

"మరి కొట్టొచ్చుగా. తనిఖీ అయ్యాక నెమ్మదిగా మార్చుకుందాం."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మంచి సాఫ్ట్‌వేర్ ఏదో తేలాక, దాని చేత అబద్ధం చెప్పించమనడం. మింగ్‌హాన్ ఒక నిట్టూర్పు విడిచి గొంతు పెంచకుండానే అన్నాడు.

"కొట్టొచ్చమ్మా. ఇది ఏమీ అనదు, పాపం. మనం ఏం చెబితే అదే నమ్ముతుంది. ఊరుకోనిది నట్టు. పూత పడ్డాక బోల్టు ఎక్కనంటుంది. దాన్ని ఒప్పించే గడి నాకెక్కడా కనపడలేదు."

ఆమె మొహం గంటు పెట్టుకుంది. అతను పెరట్లోకి వెళ్ళి బుట్టలోంచి గుప్పెడు నట్లు తెచ్చి ఆమె ముందు పోశాడు, సరిగ్గా ఉన్న గేజీ ఒకటి చేతికిచ్చాడు. ఆ ఫ్యాక్టరీ ఒక రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో మర కోసే మిషను మీద కూర్చున్నది ఆవిడే. మొదటి నట్టులోకి గేజీ జారిపోయింది. రెండోదీ పోయింది. మూడోదానిలో రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. ఆమె బలవంతం చెయ్యలేదు. వెనక్కి తిప్పి తీసి, ఆ నట్టును వేరుగా పెట్టింది. గుప్పెడూ అయిపోయేసరికి వేరుగా పెట్టినవి చిన్న కుప్పయ్యాయి.

"బుట్టలన్నీ మళ్ళీ చూడాలి," అంది చివరికి. "చావుకబురే కొందాం. ఆ ముసలాయన ఫోను ఎత్తుతాడా అసలు?"

"మైనా ఎత్తుతుంది పెద్దమ్మా," అన్నాడు జున్‌యెన్. తన సరుకు పోయిందని అప్పటికి వాడికి అర్థమైంది. అయినా కుర్చీలోంచి లేవలేదు. పూత గడి ఎలా ఉండాలో తన కంపెనీకి రాసి పంపుతాను, ఒకసారి చెప్పండి బాబాయ్ అని అడిగాడు. రంగు గురించి కాకుండా మర గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. మింగ్‌హాన్ చెప్పాడు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అరిగిన గేజీని విడిగా తాళం వేశారు. మిగతావాటి మీద నంబరు చెక్కించడానికి వచ్చే వారం వీధి చివరి ముసలాయన దగ్గరకు పంపాలని అనుకున్నారు. అంతవరకు చుక్కలు కావాలి. ఆలాన్ సీసా ఎప్పుడో ఎండిపోయిందట, అడుగున గీకి గీకి పెడుతోందట. యజమానమ్మ చేతిసంచీ తెరిచి తన సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఎరుపు కాదు, లేత నారింజ.

"ఈ రంగు మీ వయసుకు బాగుంటుందా అమ్మా?" అంది ఆలాన్.

"గేజీలకు బాగుంటుంది. నోరు మూసుకుని పెట్టు."

జున్‌యెన్ ఒక్కో పిడి పట్టుకుని నోటితో ఊది ఆరబెట్టాడు. వాడి నోట్లోంచి కొబ్బరి వాసన ఇంకా వస్తోందని ఆలాన్ తిట్టింది. వాడు లేచి బయటికెళ్ళి ఆకుపచ్చ పొట్లాలు రెండు కొని తెచ్చి, ఒకటి యంత్రం నెత్తినా, ఇంకొకటి ప్రొఫెసర్ బూడిదరంగు తెర పక్కనా పెట్టాడు. గడువు తేదీ ఆమెకు కనిపించేలా తిప్పి పెట్టాడు.

మింగ్‌హాన్ సంతకం చెయ్యాల్సిన కాగితం తీశాడు. కలం రాయలేదు. విదిలించాడు, మళ్ళీ రాయలేదు. ఇక విసుక్కోవడానికి కూడా ఓపిక లేక చెయ్యి చాచితే, జున్‌యెన్ తైచుంగ్ కంపెనీ పేరు అచ్చేసిన రంగురంగుల కలం ఒకటి అందించాడు. అది శుభ్రంగా రాసింది.